ఒకే మాట కింద రెండు పెయోటీలు

పెయోటీ అని పిలిచే లోఫోఫోరా విలియమ్సీ, లోఫోఫోరా డిఫ్యూజా అనే రెండు కాక్టస్‌లను ముప్పులో ఉన్న జీవజాతుల అంతర్జాతీయ జాబితా ఐయూసీఎన్ రెడ్ లిస్ట్ ఒకే తరగతిలో, ‘వల్నరబుల్’ (అంతరించే ముప్పున్నవి)లో చేర్చింది. కానీ వాటికి వచ్చిన ముప్పు ఒకటి కాదు.

రెండింటికీ ముళ్ళు ఉండవు. లావాటి వేరు మీద, దాదాపు నేలమట్టంగా, నూగు కుచ్చులున్న గుండీలా కనిపిస్తాయి. విలియమ్సీది నీలి ఛాయ కలిసిన ఆకుపచ్చ. గట్లు స్పష్టం, పూలు గులాబీ రంగు. డిఫ్యూజా పసుపు కలిసిన ఆకుపచ్చ, ఒళ్ళు మరింత మెత్తన, గట్లు సరిగా తేలవు, పూలు తెల్లన. 1845లోనే విలియమ్సీకి శాస్త్రనామం దక్కితే, డిఫ్యూజాను 1944లో వృక్షశాస్త్రజ్ఞుడు క్రొయిజా విడి జాతిగా కాక ఒక రకంగా మాత్రమే గుర్తించాడు. మెక్సికో వృక్షశాస్త్రజ్ఞురాలు హెలియా బ్రావో 1967లో దానికి జాతి హోదా ఇచ్చింది.

అసలు తేడా రసాయనంలో ఉంది. జర్మన్ శాస్త్రవేత్త ఆర్థర్ హెఫ్టర్ 1897లో పెయోటీ నుంచి వేరుచేసిన పదార్థాలను ఒక్కొక్కటిగా తానే మింగి చూసి, దృశ్యభ్రమలకు కారణం మెస్కలిన్ అని తేల్చాడు. అది విలియమ్సీలో పుష్కలం. డిఫ్యూజాలో ఉన్నది ప్రధానంగా పెల్లోటిన్ అనే వేరే పదార్థం.

విలియమ్సీకి గిరాకీ తెచ్చిపెట్టింది మెస్కలినే. మెక్సికోలోని విచోల్ ప్రజలకు అది పవిత్రం; 1918లో ఓక్లహామాలో నమోదైన, అమెరికా మూలవాసుల మతసంస్థ నేటివ్ అమెరికన్ చర్చికి అది ప్రార్థనలో భాగం, ఆ వాడుకకు 1994 నాటి అమెరికా చట్టం రక్షణ కూడా ఉంది. ఆ భక్తిని దోషిగా నిలబెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. తలను నేలమట్టానికి కోసి వేరును వదిలేస్తే పక్క నుంచి కొత్త తలలు పుడతాయి. కత్తి లోతుగా దిగి వేరును కూడా తెంచితే మొక్క చచ్చిపోతుంది. గింజ నుంచి కోతకు ఎదగడానికి ఏళ్ళు పడుతుంది గనుక ఆ నష్టం త్వరగా పూడదు. దక్షిణ టెక్సాస్‌లో పచ్చిక కోసం ముళ్ళపొదల నేలను వేళ్ళతో సహా దున్నేయడం దీనికి తోడైంది.

డిఫ్యూజా కష్టం వేరు. అది మెక్సికోలోని కెరెతారో ప్రాంతపు పొడి నేలలకే పరిమితం. అంత చిన్న చోట కొన్ని గుట్టలు చెడినా, సేకరణదారులు కొన్ని మొక్కలు పెకలించినా జాతికే దెబ్బ. అందుకే మెక్సికో జాతీయ జాబితా డిఫ్యూజాను ‘ముప్పులో ఉన్నది’గా, విలియమ్సీని దానికంటే ఒక మెట్టు తక్కువైన ‘ప్రత్యేక రక్షణ’లో ఉంచింది, ఈ విడదీతే నాకు సబబుగా తోస్తుంది. ముప్పులో ఉన్న జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ రెండో అనుబంధం రెండింటికీ వర్తిస్తుంది గానీ, అది అదుపు చేసేది దేశాల సరిహద్దులు దాటే వ్యాపారాన్నే. టెక్సాస్‌లో నాగలి కింద పోయే మొక్క దాని పరిధిలోకి రాదు.