గీత చదునుగా వస్తే పక్కనున్న అంకె చూడండి

చెవి కారే పిల్లవాణ్ణి గుర్తుపట్టడానికి యంత్రం అక్కర్లేదు, వాసనే చెబుతుంది. చిక్కంతా నొప్పీ చీమూ లేకుండా కర్ణభేరి వెనక జిగట నీరు చేరిన పిల్లలతోనే. వినికిడి ఓ 20, 30 డెసిబెల్స్ తగ్గుతుంది. ముందు బెంచీలో కూర్చుంటే వింటారు, వెనక్కి వెళ్తే వినరు. బళ్లో దానికి పరధ్యానమని పేరు పడుతుంది.

ఈ నీటిని పట్టేది టింపనోమీటర్. రబ్బరు మొన ఉన్న ప్రోబ్‌తో చెవి రంధ్రాన్ని బిగుతుగా మూసి, 226 హెర్ట్జ్ శబ్దం వినిపిస్తూ, లోపలి గాలి ఒత్తిడిని +200 నుంచి −400 డెకాపాస్కల్స్ దాకా మారుస్తారు. కర్ణభేరి ఎంత కదిలిందో గీత పడుతుంది. సున్నా దగ్గర శిఖరం వస్తే 'ఏ' రకం, బాగున్నట్టే. శిఖరం బాగా ఎడమకు, అంటే తక్కువ ఒత్తిడి వైపుకు, జరిగితే 'సి'. జలుబు చేసిన పిల్లల్లో ఇది మామూలే. శిఖరమే లేకుండా గీత చదునుగా వస్తే 'బి'.

'బి' అనగానే నీరని రాసేయడం తరచూ జరిగే పొరపాటు. గీత పక్కనే చెవి రంధ్రం ఘనపరిమాణం మిల్లీలీటర్లలో ఉంటుంది. బడి పిల్లల్లో అది 0.6, 0.7 లాగా మామూలుగా ఉంటే నీరని అనుమానించవచ్చు. 0.2 వస్తే గులిమి అడ్డుందేమో, లేదా ప్రోబ్ మొన రంధ్రం గోడకు ఆనిందేమో. తీసి మళ్లీ పెట్టండి. 2 దాటితే కర్ణభేరికి చిల్లు ఉండొచ్చు: గాలి మధ్యచెవిలోకీ పోతోంది, అందుకే అంకె పెరిగింది. అసలు ప్రోబ్ పెట్టేముందే చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి ఒటోస్కోప్‌తో, అంటే చెవిలోపల చూసే దీపంతో, చూడాలి. కారుతున్న చెవిలో ప్రోబ్ పెట్టవద్దు, నేరుగా డాక్టరు దగ్గరకే. పిల్లవాడు ఏడ్చినా, మింగినా గీత రంపంలా వస్తుంది. పొద్దున్నే ప్రోబ్‌ను 2 మిల్లీలీటర్ల ఖాళీ ఉన్న కొలత గొట్టంలో పెట్టి యంత్రాన్ని సరిచూసుకోకపోతే ఆ రోజు అంకెలన్నీ అనుమానమే.

నరాల చెవుడు ఈ గీతలో కనపడదు. అందుకే 1000, 2000, 4000 హెర్ట్జ్ దగ్గర 20 డెసిబెల్స్ శబ్దంతో వినికిడీ చూడాలి, అదీ ఫ్యాన్ ఆపేసిన గదిలో.

ఒక్కసారి 'బి' వచ్చిందని ఆస్పత్రికి పరిగెత్తించనక్కర్లేదు. ఈ నీరు చాలామందిలో మూడు నెలల్లోపు దానంతటదే పోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ చూడాలి, అప్పుడూ 'బి' వస్తే ఈఎన్‌టీ డాక్టరుకు పంపాలి. ఈలోగా వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోయవద్దని ఇంట్లో వాళ్లకు చెప్పండి. తెలియని చిల్లు ఉంటే అది లోపలికే పోతుంది.

2013లో మొదలైన, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడికి వచ్చేది ఏడాదికోసారి. ఈ జబ్బు లెక్క వారాల్లో. కాబట్టి రెండో పరీక్ష తేదీ చీటీ మీద రాసి, ఓ నకలు క్లాసు టీచరు దగ్గర ఉంచి, అప్పటిదాకా ఆ పిల్లవాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టమనాలి.