లైంగిక నేరాల కేసుల్లో కోర్టు ఆదేశించే హెచ్‌ఐవీ పరీక్ష: అపోహలు – వాస్తవాలు

నేను లైంగిక దాడి కేసుల్లో బాధితుల తరఫున పనిచేసే న్యాయవాదిని. ఫిర్యాదు నమోదైన మొదటి రోజే కుటుంబ సభ్యులు అడిగే ప్రశ్నల్లో ఇది తప్పకుండా ఉంటుంది: "దాడి చేసినవాడికి హెచ్‌ఐవీ పరీక్ష చేయించమని కోర్టును అడగవచ్చా అండీ?" అడగవచ్చు. అయితే ఆ ఆదేశం దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో తెలియక అత్యవసరమైన వైద్యాన్ని వాయిదా వేసుకున్న కుటుంబాలను చూశాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా మన దేశంలో అమల్లో ఉన్న చట్టాల ప్రకారమే, ముఖ్యంగా 2017లో పార్లమెంటు ఆమోదించగా 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం.

అపోహ: నిందితుడి రిపోర్టు వచ్చాక బాధితురాలికి మందులు మొదలుపెడితే సరిపోతుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తున్న అపోహ ఇదే. వైరస్ శరీరంలో పాదుకోకుండా అడ్డుకునే మందులను, అంటే వైద్యులు పెప్ అని పిలిచే చికిత్సను, వీలైతే దాడి జరిగిన 2 గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి, 28 రోజుల పాటు ఒక్క రోజూ మానకుండా వాడాలి. పెద్దవాళ్లకు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మందును రోజుకు ఒకసారి ఇస్తారు; పిల్లలకు వయసును, బరువును బట్టి వైద్యులు నిర్ణయిస్తారు. ఇక కోర్టు వైపు పట్టే కాలాన్ని లెక్కవేసి చూడండి. ఎఫ్‌ఐఆర్ నమోదు కావాలి, నిందితుడు దొరకాలి, పిటిషన్ వేయాలి, అవతలి పక్షానికి నోటీసు వెళ్లాలి, వాదనలు జరగాలి, ఉత్తర్వు రావాలి, రక్త నమూనా తీయాలి, రిపోర్టు కోర్టుకు చేరాలి. ఇదంతా 72 గంటల్లో ముగిసిన కేసును నేను చూడలేదు.

మందులు ఇవ్వడానికి నిందితుడు ఎవరో తెలియవలసిన అవసరం కూడా లేదు. దాడి ఏ విధంగా జరిగింది, ఎన్ని గంటలైంది, గాయాలున్నాయా అన్నవి చూసి వైద్యులు నిర్ణయం తీసుకుంటారు. బాధితురాలి సొంత రిపోర్టు కోసమైనా మొదటి మోతాదును ఆపకూడదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 397వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా బాధితులకు వెంటనే ఉచితంగా వైద్యం అందించాలి. నిరాకరిస్తే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 200వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. పిల్లల విషయంలో 2020 నాటి పోక్సో నిబంధనలు హెచ్‌ఐవీ నివారణ చికిత్సను అత్యవసర వైద్యంలో భాగంగానే పేర్కొన్నాయి. పోలీసు లేఖ గానీ మేజిస్ట్రేటు ఉత్తర్వు గానీ తెస్తేనే వైద్యం చేస్తామనడం ఆ నిబంధనలకు విరుద్ధం. అయినా ఒక ఆసుపత్రిలో ఒక తల్లి స్టేషన్ నుంచి కాగితం వచ్చేదాకా కూతురితో వరండాలోనే రాత్రంతా కూర్చోవలసి వచ్చింది. తెల్లవారాక మేము వెళ్లి నిబంధన చూపించాకే మాత్రలు ఇచ్చారు. ఆ రాత్రి గడిచిన ఒక్కొక్క గంట ఆ పాపకు దక్కవలసినది.

అపోహ: అరెస్టు చేయగానే పోలీసులే నిందితుడికి హెచ్‌ఐవీ పరీక్ష చేయించవచ్చు.

వాస్తవం: అత్యాచార కేసులో నిందితుడికి వైద్య పరీక్ష చేయించే అధికారం పోలీసులకు ఉంది. పాత సీఆర్‌పీసీలో 53ఏ సెక్షన్‌గా ఉన్న ఆ అధికారం ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత 52వ సెక్షన్‌లో ఉంది. ఆ పరీక్షలో రక్తం, వీర్యం, డీఎన్‌ఏ నమూనాలు సేకరించేది నేరంతో అతనికి ఉన్న సంబంధాన్ని తేల్చడానికి. హెచ్‌ఐవీ పరీక్షకు మాత్రం మొదట చెప్పిన ప్రత్యేక చట్టమే ఉంది. దాని 5వ సెక్షన్ ప్రకారం విషయమంతా వివరించి తీసుకున్న సమ్మతి కావాలి. సమ్మతి లేకుండా చేయాలంటే 6వ సెక్షన్ కింద కోర్టు ఉత్తర్వు కావాలి. ఉత్తర్వు లేకుండా చేయించిన పరీక్ష నిందితుడి తరఫు న్యాయవాదికి చేతికందిన ఆయుధం అవుతుంది కాబట్టి, బాధితుల పక్షాన ఉన్నవాళ్లే ఈ జాగ్రత్తను పట్టుబట్టి పాటింపజేయాలి.

అపోహ: బాధితురాలు కోరితే చాలు, కోర్టు ఉత్తర్వు ఇచ్చి తీరాలి.

వాస్తవం: అమెరికాలో 1994లో వచ్చిన కేంద్ర చట్టం బాధితురాలి అభ్యర్థన మీద ఇలాంటి ఉత్తర్వుకు ప్రత్యేకంగా దారి చూపింది, అక్కడి తెలుగు కుటుంబాల ద్వారా ఆ సంగతి విని ఇక్కడా అలాగే ఉంటుందని కొందరు అనుకుంటారు. మన చట్టం కొలబద్ద వేరు. తన ముందున్న వివాదాంశాలను తేల్చడానికి ఆ పరీక్ష అవసరమని కోర్టు నిర్ధారించుకోవాలి. కాబట్టి పిటిషన్‌లో "మాకు భయంగా ఉంది" అని మాత్రమే రాస్తే నిలబడడం కష్టం. పోక్సో చట్టం 5వ సెక్షన్‌లో బిడ్డకు హెచ్‌ఐవీ సోకేలా చేయడం తీవ్రమైన లైంగిక దాడి కిందికి వస్తుంది. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష 20 ఏళ్లు. ఆ అభియోగం ఉన్న కేసులో నిందితుడి హెచ్‌ఐవీ స్థితి నేరుగా వివాదాంశమే అవుతుంది. పెద్దవాళ్ల కేసులో అవసరాన్ని మరింత వివరంగా చూపించవలసి ఉంటుంది.

అపోహ: అతనికి నెగెటివ్ వచ్చింది, ఇక భయం లేదు.

వాస్తవం: వైరస్ సోకిన రోజు నుంచి పరీక్షలో కనిపించే రోజు వరకు కొంత వ్యవధి ఉంటుంది, దాన్నే విండో పీరియడ్ అంటారు. యాంటీజెన్‌ను (వైరస్‌లోని ఒక భాగాన్ని), యాంటీబాడీలను (వైరస్‌కు ప్రతిగా శరీరం తయారుచేసుకునే వాటిని) కలిపి చూసే ల్యాబ్ పరీక్షలో ఇది సుమారు 18 నుంచి 45 రోజులు, యాంటీబాడీలను మాత్రమే చూసే పరీక్షలో 90 రోజుల వరకు. కొత్తగా వైరస్ సోకిన వ్యక్తి రక్తంలో దాని పరిమాణం చాలా ఎక్కువగా ఉంటుంది గనుక, పరీక్షలో నెగెటివ్ చూపించే ఆ రోజుల్లోనే అతని నుంచి ఇతరులకు సోకే ప్రమాదం అధికం. నిందితుడి రిపోర్టు చూసి 28 రోజుల మందులను మధ్యలో మానేయకండి. ఆపాలా వద్దా అన్నది వైద్యులు చెప్పాలి.

అపోహ: ఇద్దరికీ పాజిటివ్ వస్తే అతని నుంచే సోకిందని రుజువైనట్టే.

వాస్తవం: దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే కేసులు బలహీనపడేది ఇక్కడే. సంక్రమణను నిరూపించాలంటే ముందుగా దాడి జరిగే నాటికి బాధితురాలికి హెచ్‌ఐవీ లేదని చూపించగలగాలి. దాడి తర్వాత మొదటి రోజుల్లో చేసే పరీక్షలో కొత్తగా సోకిన వైరస్ కనిపించదు. అప్పుడు వచ్చిన నెగెటివ్ రిపోర్టు అంతకుముందు వైరస్ లేదనడానికి ఆధారం అవుతుంది. ఆ రిపోర్టు లేకపోతే, ఎప్పటి నుంచో ఉన్నదేమో, పిల్లలైతే పుట్టుకతో తల్లి నుంచి వచ్చిందేమో అన్న వాదనకు సమాధానం చెప్పడం కష్టమవుతుంది. ఇక హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు క్రమంగా వాడుతూ రక్తంలో వైరస్ గుర్తించలేనంతగా తగ్గిన వ్యక్తి నుంచి లైంగికంగా హెచ్‌ఐవీ సోకదు. అందువల్ల నిందితుడు పాజిటివ్ అని తేలినా, ఆ సమయానికి అతని వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ పరిమాణం, ఎంత అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఇద్దరి వైరస్ జన్యుక్రమాలను పోల్చే విశ్లేషణ అవి దగ్గరివో కావో చెప్పగలదు. ఎవరి నుంచి ఎవరికి సోకిందో అదొక్కటే నిశ్చయంగా తేల్చలేదు. అత్యాచార నేరం రుజువు కావడానికి మాత్రం వీటిలో ఏదీ అవసరం లేదు. రిపోర్టులు ఎలా వచ్చినా ఆ నేరం నేరమే.

అపోహ: తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం ఇవ్వనవసరం లేదని రాజ్యాంగం చెబుతోంది కాబట్టి నిందితుడు నిరాకరించవచ్చు.

వాస్తవం: 20(3) అధికరణ రక్షించేది నోటితో గానీ రాతతో గానీ బలవంతంగా చెప్పించే సాక్ష్యం నుంచి. వేలిముద్రల వంటి భౌతిక ఆధారాలు ఆ పరిధిలోకి రావని సుప్రీంకోర్టు 1961లోనే కాఠీ కాలూ ఓఘడ్ కేసులో చెప్పింది.

అపోహ: రిపోర్టు రాగానే బాధితురాలికి దానంతట అదే తెలుస్తుంది.

వాస్తవం: తెలియదు. నిందితుడి హెచ్‌ఐవీ స్థితి కూడా చట్టం కాపాడే గోప్య సమాచారమే. వైద్యులు భాగస్వామికి తెలియజేయడానికి చట్టం కొన్ని షరతులతో వీలు కల్పించింది గానీ, అక్కడ భాగస్వామి అంటే భార్య లేదా భర్త, లేదా వివాహం వంటి సంబంధంలో ఉన్న వ్యక్తి. దాడికి గురైన స్త్రీ ఆ నిర్వచనంలోకి రాదు. అందుకే పరీక్ష కోరే పిటిషన్‌లోనే మరో మూడు అభ్యర్థనలు చేర్చమని జూనియర్లకు చెబుతాను: రిపోర్టును సీల్డు కవర్‌లో కోర్టుకు పంపాలి, కౌన్సెలర్ సమక్షంలో బాధితురాలికి దాన్ని తెలియజేయాలి, హెచ్‌ఐవీ చట్టం 34వ సెక్షన్ కింద రికార్డుల్లో అసలు పేర్లకు బదులు మారు పేర్లు వాడి విచారణను రహస్యంగా జరపాలి. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. న్యాయ సహాయానికి ఫోన్ నంబరు 15100. మహిళల సహాయానికి 181, హెచ్‌ఐవీ సందేహాలకు 1097 ఉన్నాయి. అయితే ఈ ఫోన్లు ఏవి చేయాలన్నా, ముందు ఆసుపత్రికి బయల్దేరి దారిలో చేయండి.