ఫుల్ కోర్ట్ ప్రెస్‌తో కాలేజ్ టోర్నీ గెలవొచ్చా? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫుల్ కోర్ట్ ప్రెస్ (ఎదుటి జట్టు బంతి లోపలికి వేసినప్పటి నుంచే కోర్టంతా అడ్డుకోవడం) అమెరికా కాలేజ్ బాస్కెట్‌బాల్ సీజన్‌లో పనిచేస్తుంది కానీ, మార్చిలో జరిగే ఎన్‌సీఏఏ టోర్నీలో తేలిపోతుంది.

వాస్తవం: 1964లో కోచ్ జాన్ వుడెన్ యూసీఎల్ఏ జట్టు 2-2-1 జోన్ ప్రెస్‌తో (ముందు ఇద్దరు గార్డ్‌లు, వెనక వరసలో ఇద్దరు, చివర ఒకరు) ఆడిన 30 మ్యాచ్‌లూ గెలిచి ఛాంపియన్ అయింది. మొదటి ఐదుగురిలో 6 అడుగుల 5 అంగుళాలు దాటినవాడే లేడు. 1994లో నోలన్ రిచర్డ్‌సన్ అర్కాన్సా, 1996లో రిక్ పిటినో కెంటకీ ప్రెస్‌తోనే టైటిల్ కొట్టాయి. అయితే ఈ మూడూ బాగా స్కోర్ చేసే జట్లు. అసలు కీలకం అక్కడే ఉంది.

అపోహ: ప్రెస్ అంటే మీదపడి బంతి లాక్కోవడం.

వాస్తవం: ఎక్కువ జట్లు చెడిపోయేది ఈ నమ్మకంతోనే. 2-2-1లో మొదటి పాస్‌ను కార్నర్‌కి వెళ్లనివ్వాలి. దగ్గరి గార్డ్ కోర్టు మధ్య వైపు నిలబడి, డ్రిబుల్ చేసేవాణ్ణి సైడ్‌లైన్ వెంటే నడిపించాలి. అతను హాఫ్ లైన్ దాటీ దాటగానే రెండో వరసలో అటువైపున్నవాడు ఎదురొచ్చి దారి మూసేయాలి. వెనక్కి వెళ్తే వయొలేషన్ (బంతి మనకి వస్తుంది), పక్కన సైడ్‌లైన్, ముందు ఇద్దరు. మోకాళ్లు దగ్గరగా, చేతులు పైకి. బంతి మీద చెయ్యి వేయకూడదు. అదే సమయంలో రెండో గార్డ్ మధ్యకొచ్చే పాస్‌ని, చివరివాడు అదే సైడ్‌లైన్ మీది పొడవు పాస్‌ని కాయాలి. మిగిలినవాడు బాస్కెట్ దగ్గరికి దిగాలి.

చెయ్యి వేస్తే ఫౌల్. పురుషుల మ్యాచ్‌లో ఒక హాఫ్‌లో ఏడో టీమ్ ఫౌల్ నుంచి ఎదుటివాళ్లకి ఫ్రీ త్రోలు మొదలవుతాయి, గడియారం ఆగుతుంది, మనం పెంచిన వేగం పోతుంది. మధ్యలో ఉన్నవాడికి బంతి అంది అతను తిరిగాడంటే ముగ్గురికి ఇద్దరం మిగులుతాం. అప్పుడు మళ్లీ ట్రాప్‌కి (ఇద్దరు కలిసి చుట్టుముట్టడానికి) ఆశపడకుండా అందరూ బాస్కెట్ ముందున్న పెయింట్‌లోకి పరుగెత్తాలి.

అపోహ: ప్రెస్ జట్టును అలసట ఓడిస్తుంది.

వాస్తవం: అంతకన్నా ముందు, సొంత షాట్లు పడకపోవడం ఓడిస్తుంది. బాస్కెట్ పడితేనే ఎదుటివాళ్లు బాస్కెట్ వెనకున్న బేస్‌లైన్ నుంచి బంతి వేయాలి, మనకి కుదురుకునే సమయం దొరుకుతుంది. మిస్సయితే వాళ్లు రీబౌండ్ పట్టి పరుగెడతారు. 2015లో ప్రెస్‌కి పేరున్న వెస్ట్ వర్జీనియా కెంటకీ చేతిలో 78-39తో ఓడింది. 39 పాయింట్లు చేసిన జట్టుకి ప్రెస్ వేసే అవకాశాలు ఎన్ని వస్తాయి? మరుసటి ఏడాది తొలి రౌండ్‌లోనే ఆ జట్టుకి, బంతి లాక్కోవడంలో తనలాగే పేరున్న స్టీఫెన్ ఎఫ్. ఆస్టిన్ ఎదురైంది. వెస్ట్ వర్జీనియా 22 టర్నోవర్లు చేసి (బంతిని 22 సార్లు పోగొట్టుకుని) 70-56తో ఇంటికెళ్లింది.

అపోహ: రెండు మ్యాచ్‌ల మధ్యలో ఒక్కరోజే ఉంటే ప్రెస్‌కి ఎవరూ సిద్ధం కాలేరు.

వాస్తవం: కొంత నిజమే. 2011లో ప్రెస్‌కి పేరున్న వీసీయూ ఫస్ట్ ఫోర్ (టోర్నీ ప్రాథమిక రౌండ్) నుంచి ఫైనల్ ఫోర్ (సెమీస్) దాకా వెళ్లింది. కానీ 2013లో మిషిగన్ ఒక్కరోజు విరామంతోనే అదే వీసీయూని 78-53తో చిత్తు చేసింది. మిషిగన్‌కి ట్రే బర్క్ లాంటి పాయింట్ గార్డ్ (బంతిని ముందుకి తీసుకెళ్లి ఆటను నడిపేవాడు) ఉన్నాడు. ప్రెస్ వేయాలా వద్దా అన్నది విరామం చూసి కాదు, ఎదుటి గార్డ్‌ని చూసి తేల్చుకోవాలి.

అపోహ: చివరి నిమిషంలో ప్రెస్ వృథా ప్రయాస.

వాస్తవం: 2016లో టెక్సాస్ ఏ అండ్ ఎం 44 సెకన్లు ఉండగా నార్తర్న్ అయోవా కన్నా 12 పాయింట్లు వెనకబడి, స్కోరు సమం చేసి, రెండో ఓవర్‌టైమ్‌లో 92-88తో గెలిచింది. ఈ దశలో మొదటి పాస్‌నే అడ్డుకోవాలి, ఎందుకంటే బంతి వేయడానికి 5 సెకన్లే. బాస్కెట్ పడ్డాక వేసేవాడు బేస్‌లైన్ వెంట పరుగెత్తవచ్చు, ఫౌల్ లాంటివాటి తర్వాత ఉన్నచోటు నుంచే వేయాలి. కాబట్టి అతన్ని గట్టిగా కాయాల్సింది రెండో సందర్భంలో.

ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనలతో ఆడే మన కాలేజ్ జట్లు ఇంకోటి గమనించాలి: హాఫ్ లైన్ దాటడానికి అమెరికా కాలేజీల్లో 10 సెకన్లు, ఇక్కడ 8. ట్రాప్ దొరక్కపోయినా రెండు మూడు సెకన్లు ఆలస్యం చేయించగలిగితే ఇక్కడ అది ఎక్కువ లాభం.