మానిన పుండు మళ్లీ అక్కడే ఎందుకు పడుతోంది?

షుగర్ ఉన్నవాళ్లకి అరికాలి పుండు మానితే గండం గడిచిందనుకుంటాం. కానీ అలా మానినవాళ్లలో దాదాపు 40 శాతం మందికి ఏడాది తిరక్కుండానే మళ్లీ పుండు పడుతోంది. నెత్తురులోని షుగర్‌నే తప్పుపడితే సరిపోదు, నడకనీ చూడాలి.

ఈ సంగతి ముందు బయటపడింది కుష్ఠు వార్డుల్లో. తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టిన సర్జన్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆస్పత్రిలో చేరారు. కుష్ఠు వల్ల ఒళ్లు దానంతటదే కుళ్లిపోతుందని జనం నమ్మే రోజులవి. ఆయన గమనించింది వేరు: స్పర్శ పోయిన కాలు కుంటదు. మనకు అరికాలు కాస్త నొప్పిపెట్టినా తెలియకుండానే బరువు పక్కకు వేస్తాం. వాళ్లు అదే చోట, అదే బరువుతో వేల అడుగులు వేస్తారు. మన కుష్ఠు ఆస్పత్రుల్లో ఇచ్చే మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పుల వెనకున్న ఆలోచన ఇదే.

1966లో బ్రాండ్ అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆస్పత్రికి వెళ్లారు. షుగర్ రోగుల పాదాల్లోనూ అదే కథ. నరాలు దెబ్బతింటే వేళ్లు వంకర తిరుగుతాయి, వేళ్ల మొదట్లో ఉండే మెత్త ముందుకు జారుతుంది, ఎముక నేరుగా చర్మాన్ని నొక్కుతుంది. ముందు ఆనికాయ, దాని కింద పుండు. ఎక్కడ నొక్కుతోందో కనిపెట్టడానికి ఆయన బృందం రంగు గుళికలున్న సాక్సు తొడిగి నడిపించేది. ఒత్తిడి పడ్డచోట గుళికలు పగిలి రంగు అంటేది. ఇప్పుడు షూలో పెట్టే సెన్సర్లు ఆ ఒత్తిడిని అంకెల్లో చూపిస్తాయి. అది 200 కిలోపాస్కల్స్ లోపుకి దిగేదాకా ఇన్‌సోల్‌ను చెక్కుతారు.

మరి ఫలితం? 2013లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో, పుండు మానిన 171 మందిని 18 నెలలు గమనించారు. మొత్తంగా చూస్తే అలా సరిచేసిన షూలకీ మామూలు కస్టమ్ షూలకీ పెద్ద తేడా కనపడలేదు. నూటికి కనీసం 80 అడుగులు సరిచేసిన షూలతోనే వేసినవాళ్లలో మాత్రం పుండు తిరగబెట్టింది 26 శాతం మందికే, అంతే క్రమంగా మామూలు కస్టమ్ షూలు వేసుకున్నవాళ్లలో 48 శాతం మందికి. అసలు చిక్కు ఇంట్లో ఉంది. బయట 87 శాతం అడుగులు షూతో వేసినవాళ్లు ఇంట్లో 61 శాతమే వేశారు. పైగా బయటకంటే ఇంట్లోనే ఎక్కువ నడిచారు.

అక్కడే అలా ఉంటే, చెప్పులు గుమ్మం బయటే విడిచే మన ఇళ్ల సంగతి చెప్పేదేముంది! పుండు మానినవాళ్లు వట్టికాళ్లతో ఇంట్లో కూడా నడవకూడదు. షూ కొలత ఇచ్చేటప్పుడే, గడప దాటి బయటకి రాని ఇంకో జత కూడా చేయించుకోవడం మేలు.