2050, 2060, 2070: ఈ ఏళ్లను లెక్కగట్టింది ఎవరు?

చైనా 2060 అంది. జపాన్, దక్షిణ కొరియా 2050 అన్నాయి. భారత్ 2070 అంది. స్వీడన్ 2017లోనే 2045 అని చట్టం చేసుకుంది. ఫలానా ఏడాదికల్లా మా దేశం గాలిలోకి వదిలే కర్బనం, గాలిలోంచి తీసేసే కర్బనం సరిసమానమవుతాయని (దీన్నే కర్బన తటస్థత అంటారు) దేశాధినేతలు ప్రకటిస్తే పత్రికలు ఆ ఏడాదిని శీర్షికకెక్కిస్తాయి. ఆ అంకె ఎలా వచ్చిందన్నది మాత్రం లోపలి పేజీల్లో కూడా అరుదుగానే కనిపిస్తుంది.

ప్రతి అంకె వెనుకా ఒక లెక్క ఉండాలి. బొగ్గు విద్యుత్కేంద్రాలు ఏ వరుసలో మూతపడతాయి, ఉక్కును ఏ పద్ధతిలో కరిగిస్తారు, ఎన్ని ఇళ్లకు వేడిని ఆపే పూతలు వేస్తారు, అడవి ఎంత పెరుగుతుంది, గనుల్లో పనిచేసేవారు ఎక్కడికి వెళతారు అన్నవన్నీ అందులో తేలాలి. ఈ లెక్క వేయడం ఏ ఒక్క దేశమూ ఒంటరిగా నేర్చుకోలేదు. యాభై ఏళ్లుగా పరిశోధకులు సరిహద్దులు దాటి ఒకరి పద్ధతిని ఒకరు అరువు తెచ్చుకుంటూ, ఒకరి అంచనాలతో ఒకరు గొడవపడుతూ నేర్చుకున్న విద్య ఇది. ఆ గొడవ మొత్తానికీ మూలం ఒకటే: ఒక దేశం దారిని గీసే పెన్సిలు ఎవరి చేతిలో ఉండాలి?

వియన్నా పక్కన లాక్సెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల వేసవి ప్రాసాదం ఒకటుంది. 1972 అక్టోబరులో, ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగానే, అమెరికా, సోవియట్ యూనియన్‌తో సహా పన్నెండు దేశాల శాస్త్ర సంస్థలు కలిసి ఒక పరిశోధనా సంస్థను స్థాపించి ఈ ప్రాసాదంలో కొలువుదీర్చాయి. దాని పొట్టి పేరు ఇయాసా. సభ్యులు ప్రభుత్వాలు కాదు, విజ్ఞాన అకాడమీలు. ఈ చిన్న ఏర్పాటు ఎంత పనికొచ్చిందో తర్వాత తెలిసింది. శక్తి, జనాభా, ఆహారం వంటి ఏ ఒక్క దేశానికీ లొంగని సమస్యలను ఇరుపక్షాల వాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని లెక్కగట్టాలన్నది ఉద్దేశం. అమెరికన్ ఆర్థికవేత్త విలియం నార్డ్‌హౌస్ 1975లో అక్కడే పనిచేస్తూ, బొగ్గుపులుసు వాయువును అదుపు చేయగలమా అన్న ప్రశ్నకు ఆర్థిక లెక్క వేశారు. అదే సంస్థలో ఇటాలియన్ శాస్త్రవేత్త చెసారే మార్కెట్టి 1977లో ఆ వాయువును జిబ్రాల్టర్ దగ్గర మునిగే బరువైన నీటి ప్రవాహంతో అట్లాంటిక్ అడుగుకు పంపేద్దామన్నారు. ఆ ఆలోచన ముందుకు సాగలేదు. కానీ గాలిలోని కర్బనాన్ని జమాఖర్చుల పద్దులా చూడటం ఈ తరం నుంచే అలవాటైంది.

లెక్కకు కావలసిన పనిముట్టు మరో దిక్కు నుంచి వచ్చింది, కర్బనంతో దానికి సంబంధం లేదు. 1973 చమురు సంక్షోభం సంపన్న దేశాలను కుదిపేసింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ ఇంధన సంస్థ పుట్టింది. 1976లో దాని నీడన ఎట్సాప్ అనే సహకార కార్యక్రమం మొదలైంది. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల, జర్మనీలోని యూలిష్ పరిశోధనా కేంద్రం కలిసి మార్కల్ అనే గణిత నమూనాను తయారుచేశాయి. దాని తర్కం సూటిగా ఉంటుంది. దేశానికి ఎంత వెలుతురు, ఎంత వేడి, ఎంత ప్రయాణం కావాలో చెప్పాలి. అందుబాటులో ఉన్న యంత్రాలు, ఇంధనాలు, వాటి ఖర్చులు ఇవ్వాలి. అన్ని అవసరాలూ తీరేలా అతి చవకైన కలయికను అది వెదికి పెడుతుంది. ఆనాటి ఆరాటమంతా దిగుమతి చమురు గురించే. బొగ్గు వాడకం పెంచడం కూడా అప్పుడు ఒక పరిష్కారమే. చమురును పొదుపు చేయడానికి పుట్టిన ఆ నమూనాలో, తర్వాతి కాలంలో, కర్బనానికి ఒక హద్దు గీశారు. నేటికీ అనేక దేశాల దీర్ఘకాలిక వ్యూహాల అడుగున దాని వారసులే పనిచేస్తున్నాయి.

ఆనాటి శక్తి అంచనాలు ఎక్కువగా ముందుకు చూసేవి. ఈ రోజు నుంచి మొదలుపెట్టి, ధోరణి ఇలాగే సాగితే ముప్పై ఏళ్లకు ఎక్కడుంటామో చెప్పేవి. 1976లో అమెరికన్ శక్తి నిపుణుడు ఎమరీ లోవిన్స్ ఈ ఆలోచననే తలకిందులు చేశారు. ఎక్కడ ఉండాలనుకుంటున్నామో మొదట నిర్ణయించుకుని, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ రావాలన్నారు. 1982లో కెనడా పరిశోధకుడు జాన్ రాబిన్సన్ ఆ పద్ధతికి బ్యాక్‌కాస్టింగ్ అని పేరు పెట్టారు. తెలుగులో దాన్ని వెనుకలెక్క అనవచ్చు. తెల్లవారుజామున అయిదింటి రైలు అందుకోవాల్సినవాడు నాలుగున్నరకు ఇల్లు కదలాలి, నాలుగింటికి లేవాలి, రాత్రే పెట్టె సర్దుకోవాలి అని లెక్క వేసుకుంటాడు చూడండి, అలాంటిదే. కర్బన తటస్థత దారులన్నీ వెనుకలెక్కలే. ఈ రైలు తప్పితే ఇంకోటి ఉందన్న భరోసా లేకపోవడమొక్కటే తేడా.

2006లో జపాన్ పర్యావరణ శాఖ, బ్రిటన్ పర్యావరణ శాఖ కలిసి తక్కువ కర్బన సమాజంపై ఉమ్మడి పరిశోధన మొదలుపెట్టాయి. 1990తో పోలిస్తే 2050 నాటికి ఉద్గారాలను 70 శాతం తగ్గించడం సాంకేతికంగా సాధ్యమేనని జపాన్ బృందం 2007లో చూపించింది. ఒకే అంకె చెప్పి ఊరుకోకుండా రెండు భవిష్యత్తులు గీసింది. ఒకటి వేగంగా నడిచే, యంత్రాలతో నిండిన నగర జీవితం. రెండోది నిదానంగా, స్థానికంగా సాగే జీవితం. రెండు దారుల్లోనూ గమ్యం చేరవచ్చనడమే దాని విశేషం. 2008లో కోబేలో జరిగిన జీ8 పర్యావరణ మంత్రుల సమావేశం ఇలాంటి పరిశోధకుల వలయం ఒకటి కావాలంది. మరుసటి ఏడాది ఇటలీలోని సిరకూసాలో అది ఏర్పడింది.

అదంతా సంపన్న దేశాల లోకం. నా దృష్టిలో అసలు మలుపు దక్షిణాఫ్రికాలో వచ్చింది. విద్యుత్తులో అత్యధిక భాగం బొగ్గు నుంచే తీసే దేశం, నిరుద్యోగం తీవ్రంగా ఉన్న దేశం 2006లో ఎవరూ అడగకుండానే తన దీర్ఘకాలిక లెక్క తాను వేసుకోవడం మొదలుపెట్టింది. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నమూనాలు నడిపారు. అయితే గదిలో వాళ్లొక్కరే లేరు. ప్రభుత్వ శాఖలు, విద్యుత్తు, బొగ్గు, పరిశ్రమల ప్రతినిధులు, పౌర సంఘాలు అందరూ కూర్చున్నారు. లెక్కలోకి వెళ్లే ప్రతి ఊహనూ, అంటే ఇంధనాల ధరలు, వృద్ధి రేటు వంటివాటిని, ముందు వాళ్లు వాదించుకుని ఒప్పుకోవాలి. ఆ తర్వాతే కంప్యూటర్ నడిచేది. ఫలితం నచ్చకపోయినా దాన్ని తోసిపుచ్చడానికి ఇక వీలుండదు, ఎందుకంటే అందులో పోసిన సరుకు తమదే.

రెండు గీతలు తేలాయి. అడ్డూ అదుపూ లేకుండా పెరిగితే 2050 నాటికి ఉద్గారాలు నాలుగు రెట్లవుతాయి. శాస్త్రం కోరేది చేయాలంటే 2003 స్థాయి కంటే 30 నుంచి 40 శాతం తగ్గాలి. ఆ రెండింటి మధ్య అగాధాన్ని ఏ చర్య ఎంత పూడుస్తుందో వరసగా లెక్కించి 2008లో మంత్రివర్గం ముందు పెట్టారు. అన్నీ కలిపినా కొంత ఖాళీ మిగిలిపోయింది. ఆ ఖాళీని దాచకుండా చూపడం నాకు నచ్చిన విషయం. కొంతకాలం పెరిగి, పదేళ్లు నిలకడగా ఉండి, ఆపై తగ్గే గీతను ప్రభుత్వం ఒప్పుకుంది. 2009 కోపెన్‌హాగెన్ వాతావరణ సదస్సుకు ముందు ఆ దేశం ప్రకటించిన హామీ, మామూలుగా సాగితే ఉండే స్థాయి కంటే 2020కి 34 శాతం, 2025కి 42 శాతం తక్కువ అన్నది, ఈ కసరత్తు నుంచి వచ్చిందే. 2010 నుంచి అదే పద్ధతి చిలీ, పెరూ, కొలంబియా, బ్రెజిల్‌లకు చేరింది. దక్షిణాది నుంచి దక్షిణాదికి ఇలా ఒక విద్య ప్రయాణించడం వాతావరణ పరిశోధనలో అంతకుముందు పెద్దగా లేదు.

అదే 2010లో బ్రిటన్ ఇంకో పనిముట్టును లోకానికి తెరిచిపెట్టింది. ఇంధన శాఖకు శాస్త్ర సలహాదారుగా ఉన్న భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ మకై పూనికతో వచ్చిన 2050 గణన యంత్రం అది. గాలిమరలు, అణువిద్యుత్తు, ఇళ్ల వేడి, రవాణా ఒక్కోదానికీ ఒక మీట. ఇంటర్నెట్‌లో ఎవరైనా కదపవచ్చు. గాలిమరలు వద్దు, అణువు వద్దు, ప్రయాణాలు తగ్గించం అని అన్నిటికీ తల అడ్డంగా ఊపే మనిషి రెండు నిమిషాల్లోనే తన లెక్క కుదరదని తెలుసుకుంటాడు. ఉపన్యాసాల కంటే ఇది మేలు. చైనా, దక్షిణ కొరియా, భారత్ వంటి దేశాలు తమ సొంత రూపాలు తయారుచేసుకున్నాయి. భారత రూపాంతరం 2014లో ప్రణాళికా సంఘం ఆధ్వర్యంలో వచ్చింది, దాని గమ్యం 2050 కాదు, 2047.

కోపెన్‌హాగెన్ వైఫల్యం పరిశోధకులకు ఒక పాఠం నేర్పింది. ప్రపంచానికంతా ఒక కోత నిర్ణయించి దేశాలకు పంచిపెట్టడం రాజకీయంగా నడవలేదు. కానీ ఆ సదస్సుకు ముందే, 2009 ఏప్రిల్‌లో వెలువడిన రెండు పరిశోధనా పత్రాలు కర్బన బడ్జెట్ అన్న భావనను స్థిరపరిచేశాయి. వేడెక్కడం ఏటా వదిలే వాయువు మీద కంటే మొత్తం పోగుపడిన వాయువు మీదే ఆధారపడుతుందని తేల్చాయి. అంటే ఏదో ఒక రోజు నికర ఉద్గారాలు సున్నాకు రావాల్సిందే. పైనుంచి పంచలేం, కింద సున్నా తప్పదు. ఈ ఇరకాటంలోంచే 2013 అక్టోబరులో లోతైన కర్బనరహిత దారుల ప్రాజెక్టు పుట్టింది. ఐక్యరాజ్యసమితి అండతో ఏర్పడిన సుస్థిరాభివృద్ధి పరిష్కారాల వలయం, పారిస్‌లోని ఇద్రి పరిశోధనా సంస్థ కలిసి దాన్ని నడిపాయి. చివరికి పదహారు దేశాల బృందాలు చేరాయి. చైనా, అమెరికా, భారత్, రష్యా, బ్రెజిల్, ఇండోనేషియా, దక్షిణాఫ్రికా అందులో ఉన్నాయి.

ఇక్కడి నియమం కొత్తది. ప్రతి దేశం లెక్కనూ ఆ దేశ పరిశోధకులే వేస్తారు, తమకు నచ్చిన నమూనాతో. వాళ్లు ప్రభుత్వ ప్రతినిధులు కారు, వాళ్ల అంకెలు ప్రభుత్వ హామీలు కావు. అందరూ ఒకే నమూనా పట్టికలో ఫలితాలు నింపాలి, అంతే. ఆ పట్టిక చూడటానికి గుమాస్తా పనిలా ఉంటుంది గానీ, ఇండోనేషియా సిమెంటునూ కెనడా సిమెంటునూ పక్కపక్కన పెట్టి చూసే వీలు దానివల్లే కలిగింది. శక్తిని పొదుపుగా వాడటం, విద్యుత్తులోంచి కర్బనాన్ని తీసేయడం, బండ్లనూ పొయ్యిలనూ కొలుములనూ విద్యుత్తు వైపు మళ్లించడం అనే మూడు స్తంభాలు అన్ని దేశాల్లోనూ కనిపించాయి. కలిసింది అంతవరకే. ఫ్రాన్స్ విద్యుత్తులో అణుశక్తి వల్ల కర్బనం అప్పటికే తక్కువ కాబట్టి దాని బరువంతా పాత ఇళ్ల మరమ్మతు మీద పడింది. బ్రెజిల్, ఇండోనేషియాలకు అడవి, నేల విడదీయరాని ప్రశ్నలు. జపాన్ బృందం 2011 నాటి ఫుకుషిమా అణు ప్రమాదం నీడలో లెక్క వేసుకోవాల్సి వచ్చింది. 2015 నాటికి తేలినదేమిటంటే, ఈ పదహారు దేశాల శక్తి రంగ ఉద్గారాలను 2010తో పోలిస్తే 2050కి 48 నుంచి 57 శాతం తగ్గించవచ్చు. సరిపోదు, నిజమే. కానీ పైనుంచి ఎవరూ రుద్దని అంకె అది.

అదే ఏడాది డిసెంబరులో పారిస్ ఒప్పందం నాలుగో అధికరణం దేశాలను దీర్ఘకాలిక తక్కువ ఉద్గార వ్యూహాలు రూపొందించుకోమంది. చర్చల్లో ఫ్రాన్స్ తరఫున కీలక పాత్ర పోషించిన లారెన్స్ తుబియానా ఇద్రి స్థాపకురాలు కూడా. మరుసటి ఏడాది మరాకేష్‌లో, ఇలాంటి వ్యూహాలు గీసుకోవడానికి దేశాలకు తోడ్పడే 2050 దారుల వేదిక ఏర్పడింది.

2018 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘమైన ఐపీసీసీ ప్రత్యేక నివేదిక వచ్చాక తేదీల వరద మొదలైంది. వేడిని 1.5 డిగ్రీల దగ్గర ఆపాలంటే 2050 ప్రాంతంలో ప్రపంచ బొగ్గుపులుసు వాయు ఉద్గారాలు నికరంగా సున్నా కావాలని అది చెప్పింది. అది ప్రపంచం మొత్తానికి వర్తించే మాట. అనేక దేశాలు దాన్నే తమ దేశ తేదీగా రాసేసుకున్నాయి. వెనుకలెక్క వేసి గమ్యం చేరే సంవత్సరం కనుక్కోవడానికి బదులు, సంవత్సరం ప్రకటించి లెక్కను పరిశోధకులకు అప్పజెప్పడం మొదలైంది. చైనా దీనికి కొంత మినహాయింపు. 2020 సెప్టెంబరులో షీ జిన్‌పింగ్ 2060 అని ప్రకటించిన కొన్ని వారాలకే చింగ్వా విశ్వవిద్యాలయం అప్పటికే నడుస్తున్న విస్తృత అధ్యయనం ఫలితాలను బయటపెట్టింది. చిన్నదైన కోస్టారికా 2019లోనే 2050 ప్రణాళిక ప్రకటించి, అందరికీ తెరిచి ఉన్న నమూనాతో తన విశ్వవిద్యాలయంలోనే లెక్కలు వేయించుకుంది. భారత్ గ్లాస్గో వాతావరణ సదస్సులో 2021లో 2070 అని చెప్పి, వ్యూహ పత్రాన్ని ఏడాది తర్వాత షర్మ్ ఎల్ షేక్‌లో సమర్పించింది.

పెన్సిలు గొడవ ఇంతటితో ఆగలేదు. ఐపీసీసీ ఆరో నివేదిక ఉష్ణోగ్రతల వారీగా వర్గీకరించిన 1,202 భవిష్యత్ చిత్రాలలో అధిక భాగం కొద్దిపాటి పరిశోధనా కేంద్రాల నమూనాల నుంచే వచ్చాయి, అవీ ఎక్కువగా యూరప్‌లోవి. తేజల్ కానిట్కర్, టి. జయరామన్ వంటి భారత పరిశోధకులు వాటిని విప్పి చూసి, 2050లో కూడా ఆఫ్రికా, దక్షిణాసియా ప్రజల తలసరి ఆదాయం, శక్తి వాడకం సంపన్న దేశాల కంటే చాలా దిగువనే ఉండేలా వాటిలో ఊహించారని ఎత్తిచూపారు. అతి చవకైన దారి వెదికే యంత్రానికి పేదవాడి చీకటి చవకగానే కనిపిస్తుంది. భవిష్యత్తు ఖర్చును నేటి విలువలోకి మార్చే తగ్గింపు రేటు కూడా ఇలాంటిదే. అది ఎక్కువైతే ఇప్పటి కోత ఖరీదుగానూ, 2080లో గాలిలోంచి కర్బనం పీల్చే యంత్రం చవకగానూ తేలుతుంది. దక్షిణాఫ్రికా గదిలో వాదించుకుని తేల్చుకున్నవి ఇలాంటి ఊహలే.

2025 ఫిబ్రవరిలో చైనాలోని హాంగ్‌జౌలో ఐపీసీసీ సమావేశానికి అమెరికా ప్రతినిధి బృందం రాలేదు. పాతకాపులకు ఇది కొత్త కాదు. 1980ల మొదట్లో రీగన్ ప్రభుత్వం ఇయాసాకు నిధులు ఆపేసి, అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ తప్పుకున్నప్పుడు, అమెరికన్ కళలు, విజ్ఞానాల అకాడమీ అనే మరో సంస్థ ఆ సభ్యత్వాన్ని భుజాన వేసుకుంది. పరిశోధకుల రాకపోకలు సాగాయి. హాంగ్‌జౌ తర్వాత నెలకే అమెరికా విశ్వవిద్యాలయాలు కొన్ని కూటమిగా ఏర్పడి, ఏడో నివేదికకు రచయితల పేర్లు తామే పంపుతామన్నాయి.