మైనస్ 40 డిగ్రీలు ఇద్దరికీ ఒకటే

2023 ఏప్రిల్ 4న ఫిన్లాండ్ నాటోలో చేరింది. ఉక్రెయిన్‌పై దాడి చూసి భయపడే చేరింది, నిజమే, కానీ రష్యాతో 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉన్న ఆ దేశానికి ఆ భయం కొత్తది కాదు. 1939 నవంబర్ 30న సోవియట్ సైన్యం యుద్ధం ప్రకటించకుండానే వాళ్ల మీద పడింది.

ఆ యుద్ధంలో అంత పెద్ద సైన్యాన్ని మంచే ఆపిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మైనస్ 40 డిగ్రీల చలి ఫిన్లాండ్ సైనికుడికి మాత్రం తక్కువేమీ కాదు కదా!

తూర్పు ఫిన్లాండ్‌లోని సువోముస్సల్మి ఊరి దగ్గర జరిగింది చూడండి. దేశాన్ని నడుము దగ్గర రెండు ముక్కలు చేసి పడమటి తీరంలోని ఔలు దాకా వెళ్లాలని సోవియట్ ప్లాన్. ముందు వెళ్లిన 163వ డివిజన్ అక్కడ ఇరుక్కుపోతే, దాన్ని ఆదుకోవడానికి ఉక్రెయిన్ నుంచి 44వ డివిజన్‌ను రాటే రోడ్డు మీదుగా పంపారు. అటూ ఇటూ దట్టమైన అడవి, మధ్యలో ఒకే ఒక్క ఇరుకు దారి, దాని మీద ట్యాంకులు, ఫిరంగులు, లారీలు, గుర్రపు బండ్లు కిలోమీటర్ల పొడవునా ఒకదాని వెనక ఒకటి. ముందు అడ్డుకట్ట పడగానే అంతా ఆగిపోయింది. కాళ్లకు కట్టుకుని మంచు మీద జారే స్కీల మీద నడవడం సోవియట్ సైనికుల్లో చాలామందికి రాదు, కాబట్టి రోడ్డు దిగలేరు. తెల్లటి మంచులో ముదురు రంగు కోట్లు దూరం నుంచే కనిపించేవి. చలికి మంట వేసుకుంటే ఆ వెలుగే గురి అయ్యేది.

అక్కడి ఫిన్లాండ్ దళాలను నడిపిన కర్నల్ సీలాస్వువో మనుషులు తెల్లటి బట్టల్లో స్కీల మీద అడవిలోంచి వచ్చి, కొట్టి, మళ్లీ పొయ్యి ఉన్న గుడారాలకు వెళ్లిపోయేవాళ్లు. వంట బండ్లను ఏరి మరీ కొట్టేవాళ్లు, ఎందుకంటే ఆ చలిలో వేడి తిండి లేని సైనికుడు ఎన్నాళ్లో నిలబడలేడు. రోడ్డు మీది సైన్యాన్ని ఇలా ముక్కలు ముక్కలుగా చుట్టుముట్టడాన్ని 'మొట్టి' అన్నారు, వాళ్ల భాషలో పేర్చిన కట్టెల కుప్పకు ఆ పేరు. 1940 జనవరి మొదటి వారం ముగిసేసరికి 44వ డివిజన్ చెదిరిపోయింది. దాని కమాండర్ వినోగ్రదోవ్‌ను జనవరి 11న సొంత సైనికుల ముందే కాల్చి చంపారు.

నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. 1937-38లో స్టాలిన్ తన సైన్యంలోని అనుభవమున్న అధికారులను వేలల్లో తొలగించాడు, ఎంతోమందిని చంపించాడు. అత్యున్నత హోదా ఉన్న ఐదుగురు మార్షళ్లలో ముగ్గురు ప్రాణాలతో మిగల్లేదు. మిగిలినవాళ్లలో 'ఈ దారిన వద్దు' అని చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది? లక్షకు పైగా సోవియట్ సైనికులు చనిపోయారు, వాళ్లూ ఎవరో ఒకరి బిడ్డలే.

అయితే ఫిన్లాండ్ చివరిదాకా నిలవలేకపోయింది. సోవియట్ కమాండర్‌గా టిమోషెంకో వచ్చి, సైన్యాన్ని సరిచేసుకుని, ఫిబ్రవరిలో ఆగ్నేయాన ఉన్న కరేలియా భూసంధి మీద ఫిరంగులతో విరుచుకుపడితే ఫిన్లాండ్ కట్టుకున్న మానర్‌హైమ్ రక్షణ రేఖ తెగింది. గమనించండి, అప్పుడూ చలికాలమే. మార్చి 13న కాల్పులు ఆగాయి. వీపురి నగరంతో సహా దేశంలో దాదాపు పదో వంతు పోయింది. నాలుగు లక్షల మందికి పైగా సొంత ఊళ్లు వదిలేసి, కొత్త సరిహద్దుకు ఇవతలికి వచ్చేశారు.