గుండె కోలుకున్నా వదలని భయం

గుండెపోటు వచ్చి, మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చిన మనిషికి అందరూ చెప్పే మాట ఒకటే: "గండం గడిచింది, ఇక గుండె దిటవు చేసుకో." పగలు ఎలాగో గడిచిపోతుంది. రాత్రి లైటు ఆర్పి పక్కకు తిరిగి పడుకోగానే తన గుండె చప్పుడు తనకే వినిపిస్తుంది. ఒక్క దెబ్బ తేడాగా పడినట్టు అనిపిస్తే చాలు, ఒళ్లంతా చెమట. లేచి కూర్చుని నాడి చూసుకుంటాడు. నిద్రపోతే మళ్లీ లేవనేమోనని తెల్లవారేదాకా మేలుకుని ఉండేవాళ్లున్నారు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పరు.

దీన్ని పిరికితనం అనడం అన్యాయం. యుద్ధం, భూకంపం, ఘోర ప్రమాదం లాంటివి చవిచూసినవాళ్లకు పీడకలలు, ఉలికిపాటు, ఆ ఘటన మళ్లీ కళ్లముందు జరుగుతున్నట్టు అనిపించడం వంటివి నెలల తరబడి ఉండిపోవచ్చు. ఈ స్థితికి వైద్యులు 1980లో పీటీఎస్‌డీ అని పేరు పెట్టారు. గుండెపోటు తర్వాత కూడా ఇది వస్తుంది. అమెరికా పరిశోధకుడు డోనాల్డ్ ఎడ్మండ్‌సన్ బృందం 2012లో 24 అధ్యయనాలను, సుమారు 2,400 మంది రోగుల వివరాలను కలిపి లెక్క తీసింది. దాదాపు 12 శాతం మందిలో, అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరిలో, ఈ లక్షణాలు కనిపించాయి. అలాంటివారికి మళ్లీ గుండెపోటు గానీ మరణం గానీ సంభవించే ముప్పు సుమారు రెట్టింపు ఉందని కూడా తేలింది. ఈ రెండో లెక్కకు ఆధారమైన అధ్యయనాలు మాత్రం కొన్నే.

ప్రమాదం జరిగిన రోడ్డంటే భయమైతే ఇంకో దారిలో వెళ్లొచ్చు. గుండెను వదిలి ఎక్కడికి వెళ్తాం? మిగతా ఘటనలు జరిగిపోయినవి. ఇది మాత్రం మళ్లీ రావచ్చు, అదీ తన ఒంట్లోంచే. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, ఎండలో నడిస్తే చెమట పడుతుంది, కోపం వస్తే గుండె దడదడలాడుతుంది. ఇవన్నీ ఆరోగ్యవంతులకూ రోజూ జరిగేవే. కానీ అతనికి ప్రతి ఒక్కటీ ఆ రోజునే గుర్తుచేస్తుంది. భయం వేయగానే అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, ఆ వేగం చూసి భయం ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ నన్ను అన్నిటికన్నా బాధపెట్టే విషయం ఒకటుంది. భయపెట్టే జ్ఞాపకాన్ని తప్పించుకోవాలని చూడడం మనసు లక్షణం. గుండె జబ్బు మనిషికి ఆ జ్ఞాపకం మాత్రల డబ్బాలో ఉంటుంది. మూత తీసినప్పుడల్లా ఐసీయూ గుర్తొస్తుంది. అందుకే ఒక పూట మానేస్తాడు, ఆ తర్వాత ఒక రోజు. స్టెంట్ ఉన్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు ఇలా ఆపేస్తే స్టెంట్‌లోనే గడ్డ ఏర్పడే ప్రమాదం ఉంది. నడక మానేస్తాడు, డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా వేస్తాడు. చూసేవాళ్లేమో "ఎంత చెప్పినా వినడు, అంతా నిర్లక్ష్యం" అని కసురుతారు.

గుండెపోటు తర్వాత పీటీఎస్‌డీ కన్నా డిప్రెషన్ ఇంకా ఎక్కువ మందికి వస్తుంది, సుమారు ఐదుగురిలో ఒకరికి. అది గుండె కోలుకోవడాన్ని దెబ్బతీసే ముప్పు కారకమేనని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో స్పష్టంగా చెప్పింది. ఆ రోజు పక్కనే ఉండి అంతా చూసిన భార్యకో, భర్తకో కూడా నిద్ర కరువవుతుంది. వాళ్లను ఎలా ఉన్నారని అడిగేవాళ్లే తక్కువ.

ఆసుపత్రిలోనే ఒక్కసారి కౌన్సెలింగ్ ఇస్తే పీటీఎస్‌డీ రాకుండా ఆగుతుందేమోనని స్విట్జర్లాండ్‌లో పరీక్షించి చూశారు. ఫలితం లేకపోయింది. ఒక్క మాటతో పోయే భయం కాదిది. భయపెట్టే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పుతూ వారాల తరబడి చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీతో ఉపశమనం దొరుకుతుంది. డిప్రెషన్ మందుల్లో సెర్ట్రలిన్ గుండెపోటు వచ్చినవారికీ సురక్షితమేనని 2002లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో తేలింది. అయితే ఛాతీలో నొప్పి వస్తే "టెన్షన్ వల్లే" అని ఇంట్లో తేల్చేయకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఈసీజీ, రక్తపరీక్ష చేయించాలి. భయం సంగతి ఆ తర్వాత.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది మాత్రం కార్డియాక్ రిహాబిలిటేషన్. ఛాతీకి ఈసీజీ తీగలు అంటించి, పక్కన నర్సు ఉండగా ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తారు. గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, ఏమీ కాదు. కాసేపటికి వేగం దానంతటదే తగ్గుతుంది. రెండు రోజుల తర్వాత మళ్లీ అదే నడక, ఈసారి ఇంకొంచెం వేగంగా. ఎవరెంత ధైర్యం చెప్పినా నమ్మని శరీరం, అలా నడిచి నడిచి నమ్మడం మొదలుపెడుతుంది.